మూడు కిలోల కుక్క, డెబ్బై కిలోల చెయ్యి

మా కుక్క బొంగరం బరువు మూడు కిలోల రెండొందల గ్రాములు. "బయటికెళ్దామా" అన్న మాట చెవిన పడితే చాలు, ఉన్నచోటే గిర్రున తిరుగుతాడు. అందుకే ఆ పేరు. ఇంటికి తెచ్చిన కొత్తలో వాడి మెడకి సన్నటి ఎర్ర కాలర్ కట్టి, దానికి తాడు తగిలించి తిప్పేవాణ్ణి. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ఒక సాయంత్రం మలుపు దగ్గర గోడ మీంచి పిల్లి దూకింది. దాని వెనకే వీడూ ఉరికాడు. నేనేమో ఫోన్లో మాట్లాడుతున్నాను, తాడు నేలకి జీరాడుతోంది. అది ఒక్కసారిగా బిగుసుకుంది. వాడి ముందరి కాళ్ళు గాల్లోకి లేచాయి, వెల్లకిలా పడ్డాడు, లేచి నిలబడి బాతు అరిచినట్టు దగ్గాడు. మెడ ముందుకి చాచి, మోచేతులు పక్కలకి విడదీసి, మళ్ళీ మళ్ళీ అదే దగ్గు. రెండు నిమిషాల్లో సర్దుకున్నాడు గానీ ఆ రెండు నిమిషాలూ నాకు చెమటలు పట్టాయి.

ఇందులో నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఒకటుంది. ఆ క్షణాన నా చేతికి తెలిసింది ఎంతని? ఎవరో మణికట్టు పట్టుకుని ఒకసారి గుంజి వదిలేసినంత. ఫోన్లో మాట కూడా తెగలేదు.

కుక్కని నడిపించే సామాన్ల గురించి ఎవరిని అడిగినా ముందు వచ్చే ప్రశ్న "లాగుతుందా?" అనే. లాగితే ఫలానాది కొనండి, లాగకపోతే ఏదైనా ఒకటే అంటారు. ముప్పై కిలోల లాబ్రడార్ విషయంలో ఆ ప్రశ్న సబబే. అక్కడ కాపాడుకోవాల్సింది మన భుజాన్ని. మూడు కిలోల కుక్క దగ్గర ఆ ప్రశ్న తలకిందులవుతుంది. అది మనల్ని ఎంత లాగుతుందన్నది ఎవరికి కావాలి? మనం దాన్ని ఎంత లాగుతున్నామో చూడాలి. ఫోన్ చూసుకుంటూ, సంచి చేతులు మార్చుకుంటూ, ఎవరో పిలిస్తే వెనక్కి తిరుగుతూ, మనకి తెలియకుండానే లాగేస్తుంటాం. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అన్న సామెతలో చెలగాటం ఆడే పిల్లికి కనీసం తను ఆడుతున్నట్టు తెలుసు. మనకి అది కూడా తెలియదు. కాబట్టి కుక్క స్వభావాన్ని బట్టి కాక, మన చేతి పరధ్యానాన్ని బట్టి సామాను ఎంచుకోవాలంటాను. ఈ వ్యాసంలో మిగతాదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

కొంచెం లెక్క వేసి చూడండి. 3 కిలోల కుక్క సెకనుకి 4 మీటర్ల వేగంతో పరిగెడుతోందనుకుందాం. గంటకి 14 కిలోమీటర్ల పైచిలుకు. పిల్లి వెంట పడ్డ కుక్కకి అదేమంత వేగం కాదు. తాడు బిగిశాక 10 సెంటీమీటర్లలో ఆగిపోయిందంటే, దాన్ని ఆపిన బలం సగటున దాని బరువుకి 8 రెట్లు. అంటే 24 కిలోల బరువు ఒక్క క్షణం వేలాడినట్టు. అదంతా ఒక సెంటీమీటరు వెడల్పున్న పట్టీ మీదుగా, నా చిటికెన వేలంత లావు కూడా లేని గాలిగొట్టం మీద పడుతుంది. అదే నిష్పత్తిలో డెబ్బై కిలోల మనిషికైతే మెడ మీద 560 కిలోలు. మన చెయ్యి వంగుతుంది, భుజం కదులుతుంది, నడుం తిరుగుతుంది. కుదుపు వీటన్నిటికీ పంచుకుపోతుంది. వాడి మెడకి అలా పంచుకునే దారి లేదు.

కుక్క గాలిగొట్టం ఆంగ్లపు 'సి' ఆకారంలో ఉండే మృదులాస్థి కట్లతో కట్టిన గొట్టం. కట్టు పూర్తిగా గుండ్రంగా కలవదు. వీపు వైపు ఉన్న ఖాళీని పల్చటి పొర మూస్తుంది. యార్క్‌షైర్ టెర్రియర్, పొమరేనియన్, చివావా, టాయ్ పూడిల్ లాంటి చిన్న జాతుల్లో కొన్నిటికి ఈ కట్లు వయసుతోపాటు మెత్తబడి, గొట్టం చదునుగా నొక్కుకుపోతుంది. ఊపిరి తీసినప్పుడల్లా అది ముడుచుకుంటుంటే వచ్చేదే ఆ బాతు అరుపు దగ్గు. మెడకి కాలర్ కట్టడం వల్లే ఈ జబ్బు వస్తుందని నేను అనను. కట్ల బలహీనత చాలావరకు పుట్టుకతో వచ్చే స్వభావమే అంటారు. కానీ ఏ కుక్కకి ఆ బలహీనత ఉందో బయటికి కనబడదు, ఉన్నదాని మీద మెడ పట్టీ నొక్కిందంటే దగ్గు తిరగబెడుతుంది. మా డాక్టరు బొంగరాన్ని చూసి, గొంతు కింద రెండు వేళ్ళతో సుతారంగా తాకగానే వాడు మళ్ళీ దగ్గాడు. "ఇక మెడకి తాడు కట్టకండి" అన్నారాయన. అంతకుమించి ఉపన్యాసం ఇవ్వలేదు.

ఇక్కడే ఒక పక్కమాట. చిన్న కుక్కలు కొన్నిసార్లు ముక్కుతో గాలిని గుర్రుగుర్రుమని లోపలికి పీలుస్తూ, మెడ సాచి బిగుసుకుపోతాయి. దాన్ని రివర్స్ తుమ్ము అంటారు. చూస్తే భయమేస్తుంది గానీ చాలావరకు దానంతటదే పోతుంది. దగ్గుకీ దీనికీ తేడా డాక్టరు చెప్పాలంటే, ఆ క్షణాన ఫోన్లో వీడియో తీసి పట్టుకెళ్ళడం మేలు. వివరించబోయి నేను క్లినిక్‌లో చేసిన శబ్దాలు విని పక్కనున్న కుక్కలు కూడా మొరిగాయి.

మెడ సంగతి గాలిగొట్టంతో అయిపోదు. 2006లో అచ్చయిన ఒక పరిశోధనలో 26 కుక్కలకి ఒకసారి కాలర్ తోనూ, ఒకసారి హార్నెస్ తోనూ, అంటే ఛాతీ చుట్టూ తొడిగే పట్టీల అల్లికతోనూ, లాగుడు పెట్టి కంటి లోపలి పీడనం కొలిచారు. కాలర్ బిగిసినప్పుడు అది పెరిగింది. హార్నెస్‌తో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆరోగ్యమైన కళ్ళకి ఆ కాసేపటి పెరుగుదల వల్ల ఏమీ కాకపోవచ్చు. కంటి లోపలి పీడనం పెరిగే గ్లకోమా జబ్బు ఉన్న కుక్కకి, కంటి ముందరి పారదర్శక పొర కార్నియా పల్చబడ్డ కుక్కకి అది వేరే కథ. పగ్, షిట్జూల్లాగా కళ్ళు బయటికి పొడుచుకొచ్చినట్టు ఉండే జాతుల్ని పెంచేవాళ్ళు ఈ సంగతి ముందు తెలుసుకోవాలి.

2020లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీ వాళ్ళు ఇంకో పని చేశారు. కుక్క మెడలాంటి నమూనా ఒకటి తయారుచేసి, దానికి రకరకాల కాలర్లు తొడిగి, లాగి, గుంజి, ఎంత ఒత్తిడి పడుతోందో చూశారు. మెత్తటి లైనింగ్ ఉన్నవి, వెడల్పువి అన్నీ పెట్టారు. నమోదైన ఒత్తిడి 83 నుంచి 832 కిలోపాస్కల్‌ల దాకా ఉంది. ఆ అంకె ఎంతో తెలియాలంటే ఒక పోలిక చెబుతాను. మన బీపీ 120 అంటే 16 కిలోపాస్కల్‌లు. నమూనా మెడకి చర్మమూ కండా లేవు కాబట్టి ఆ అంకెల్ని ఉన్నవున్నట్టుగా బతికున్న కుక్కకి అంటగట్టకూడదు. అయినా ఫలానా రకం కాలర్ అయితే మెడకి ముప్పు లేదని ధీమాగా చెప్పదగ్గది ఒక్కటీ వాళ్ళకి దొరకలేదు. "మెత్తటి కాలర్ కొంటే సరిపోతుంది కదా" అనే వాళ్ళకి నా జవాబు అదే.

అంతలా చదువుకుని నేను హార్నెస్ కొనుక్కొచ్చాను. మా అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "పిల్లిపిల్లంత లేదు, దానికి గుర్రపు జీను ఎందుకురా?" అంది. నవ్వేశాను. ఆ నవ్వు పదిరోజులు కూడా నిలవలేదు.

నేను కొన్నది వలలాంటి గుడ్డతో కుట్టిన బనీను రకం. పొట్ట కింద వెల్క్రో, వీపు మీద ఒక రింగు. రంగు బాగుంది, వాడికి సరిగ్గా సరిపోయిందనిపించింది. రోడ్డు పక్కన నడుస్తుంటే వెనక నుంచి ఒక బైకు హారన్ గట్టిగా మోగింది. బొంగరం అక్కడికక్కడ రాయిలా ఆగిపోయాడు. నేను ఒక అడుగు ముందున్నాను, రమ్మని కొంచెం లాగాను. వాడు తల దించి, చెవులు వెనక్కి పెట్టి, వెనకడుగు వేశాడు. అంతే, చొక్కా విప్పేసినట్టు ఆ బనీను తల మీదుగా తిరగబడి ఊడొచ్చింది. నా చేతిలో ఖాళీ హార్నెస్, వాడు ఆగివున్న కారు కింద. బతిమాలితే ఇంకా లోపలికి జరిగాడు. చివరికి వాడికి వీపు పెట్టి నేల మీద కూర్చుని, జేబులో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు చేస్తూ ఉంటే, ఇరవై నిమిషాలకి వచ్చి నా మోచెయ్యి వాసన చూశాడు. పారిపోయిన కుక్క వెంట పరిగెత్తితే మరింత దూరం పోతుందని ఆ ముందు వారమే ఎక్కడో చదవబట్టి సరిపోయింది.

తర్వాత అర్థమైంది. హార్నెస్‌లు తయారుచేసే వాళ్ళు ఎక్కువగా ముందుకి లాగే కుక్కని ఊహించుకుంటారు. ముందుకి లాగితే పట్టీలు ఒంటికి ఇంకా హత్తుకుంటాయి. చిన్న కుక్క భయపడితే వెనక్కి పోతుంది. తాడు ముందు నుంచి లాగుతుంటే, ఒళ్ళు వెనక్కి జారుతుంటే, పట్టీలన్నీ తలవైపుకే జారతాయి. మెడ పల్చగా, ఛాతీ సన్నగా ఉన్న కుక్క అయితే మరీను. అంటే మనం లాగే దిక్కూ, అది తప్పించుకునే దిక్కూ ఒకదానికొకటి సాయం చేసుకుంటాయి.

అందుకే ఇప్పుడు ఏ హార్నెస్ కొన్నా తలుపులన్నీ మూసిన గదిలో ఒక పరీక్ష పెడతాను. తొడిగి, తాడు తగిలించి, వాడి ఎదురుగా నిలబడి, వాడు వెనక్కి తగ్గేలా సుతారంగా నా వైపు లాగుతాను. పట్టీ మోచేతులు దాటి ముందుకొచ్చినా, మెడ పట్టీ చెవుల దాకా పాకినా అది తిరిగి అంగడికే. ఇలా జారిపోయే కుక్కలకి మూడో పట్టీ ఉన్న హార్నెస్‌లు దొరుకుతాయి. పక్కటెముకలు అయిపోయే చోట, నడుం సన్నబడే దగ్గర ఇంకో పట్టీ వస్తుంది. ఛాతీ వెడల్పు ఆ సన్నటి పట్టీలోంచి దూరదు కాబట్టి వెనక్కి జారడం కష్టం. గ్రేహౌండ్ లాంటి సన్న నడుం కుక్కల కోసం ఎక్కువగా వాడతారు. పిరికి చిన్న కుక్కకి కూడా అది తగినదే అని నా అభిప్రాయం.

కొలత విషయంలో డబ్బా మీద రాసిన "ఎస్", "ఎక్స్‌ఎస్"లని నమ్మకండి, ఒక కంపెనీ ఎక్స్‌ఎస్ ఇంకో కంపెనీకి ఎస్ అవుతుంది. బరువుని బట్టి సైజు చెప్పేవాళ్ళని అసలు నమ్మకండి. ఏడు కిలోల పగ్ ఛాతీ పీపాలా ఉంటుంది, అదే బరువున్న డాక్స్‌హుండ్ పొడుగ్గా గొట్టంలా ఉంటుంది. టైలరు టేపు తీసుకుని కుక్కని నిలబెట్టి కొలవాలి. ముందరి కాళ్ళ వెనక ఛాతీ చుట్టూ, ఎక్కడ అన్నిటికంటే వెడల్పుగా ఉందో అక్కడ ఒక కొలత. మెడ అడుగున, భుజాలు మొదలయ్యే చోట ఇంకోటి. పొమరేనియన్‌కి అయితే జుట్టు పాయలు తీసి టేపు చర్మానికి ఆనించాలి, లేకపోతే మీరు కొలిచేది జుట్టునే. పెద్ద కుక్కకి పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలని చెప్పే సూత్రం మూడు కిలోల దానికి పనికిరాదు. రెండు వేళ్ళంటే దాని ఛాతీలో ఎన్నోవంతో చూడండి. ఒక వేలు పట్టుగా దూరితే చాలు. చంకకీ పట్టీకీ మధ్య మాత్రం రెండు వేళ్ళ ఎడం ఉండాలి, లేకపోతే పల్చటి చర్మం ఒరుసుకుపోయి ఎర్రబడుతుంది. బొంగరానికి ఎడమ చంకలో అలాగే పుండు పడింది. స్నానం చేయించేటప్పుడు గానీ నేను చూడలేదు.

ముందువైపు ఆకారం గురించి పెద్ద గొడవే నడుస్తుంది. ఛాతీ ఎముక మీదుగా దిగి కాళ్ళ మధ్యనుంచి పోయే వై ఆకారం మంచిదనీ, భుజాలకి అడ్డంగా పోయే పట్టీ నడకని పాడుచేస్తుందనీ అందరూ కళ్ళు మూసుకుని చెబుతారు. నేనూ చెప్పేవాణ్ణి. 2019లో వచ్చిన ఒక పరిశోధన ఆ నమ్మకాన్ని కాస్త కుదిపింది. తొమ్మిది కుక్కల్ని నడిపించి కొలిస్తే రెండు రకాలూ భుజం చాపడాన్ని తగ్గించాయి. స్వేచ్ఛగా ఉంటుందని పేరున్న వై రకమే ఎక్కువ తగ్గించింది. తొమ్మిది కుక్కలంటే తక్కువే, తీర్పు చెప్పడానికి చాలవు. అయినా నేనిప్పటికీ వై ఆకారమే వాడుతున్నాను. నడక కోసం కాదు, అడ్డపట్టీ ఒక్క అంగుళం పైకి జారితే నేరుగా గొంతు మీదికే వస్తుంది కాబట్టి. మెడని తప్పించడానికి కొన్న వస్తువు మెడ మీదే కూర్చుంటే ఇంకెందుకు?

రింగు వీపు మీద ఉంటే చాలు. ఛాతీ ముందు రింగు ఉన్నవి లాగే పెద్ద కుక్కని పక్కకి తిప్పడానికి బాగుంటాయి. మూడు కిలోల దానికి తాడు కాళ్ళ మధ్య పడుతుంది, ఒక్క గుంజుకి ఒళ్ళంతా మెలిపడుతుంది. డాక్స్‌హుండ్ లాంటి వెన్నుపూసల డిస్కులు జారే స్వభావమున్న వాటికి ఆ మెలిక అసలు వద్దు. బిగుసుకునే గొలుసులు, లోపలికి ముళ్ళున్న కాలర్ల గురించి నేను చర్చ కూడా పెట్టుకోను. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అన్నది ఇలాంటి వాటి గురించే.

"హార్నెస్ వేస్తే కుక్క లాగడం నేర్చుకుంటుంది, మంచు బండ్లు లాగే కుక్కలకి వేసేదే అది" అనే వాదన తరచూ వింటాను. అందులో నిజం లేకపోలేదు. మెడ నొప్పి పుట్టదు కాబట్టి లాగడం సుఖంగానే ఉంటుంది. దానర్థం ఇన్నాళ్ళూ లాగకుండా ఆపింది గొంతు నొప్పి అనే కదా. తాడు వదులుగా ఉంచి నడవడం నేర్పాలంటే తాడు బిగిసినప్పుడు ఆగిపోవాలి, వదులైనప్పుడు మళ్ళీ నడవాలి. విసుగు పుట్టేదాకా అదే చెయ్యాలి. మా వాడికి ఆరు వారాలు పట్టింది. ఇప్పటికీ పిల్లి కనబడితే ఆ చదువంతా గోడెక్కుతుంది.

తాడు విషయానికొద్దాం. మీట నొక్కితే సాగి, వదిలితే డబ్బీలోకి చుట్టుకునే రకం చిన్న కుక్కల యజమానుల చేతుల్లోనే ఎక్కువ కనబడుతుంది. బరువు తక్కువ కదా, ఏమవుతుందిలే అనుకుంటారు. ఐదు మీటర్లు పరిగెత్తి పూర్తి వేగం అందుకున్నాక ఒక్కసారిగా తాడు అయిపోతే ఏమవుతుందో పైన వేసిన లెక్క చెబుతుంది. కాళ్ళకి చుట్టుకున్నా, వేళ్ళతో పట్టుకుని ఆపబోయినా ఆ సన్నటి దారం చర్మాన్ని కోస్తుంది. వేళ్ళు తెగిపోయిన సందర్భాలు కూడా వైద్యులు రాసిపెట్టారు. వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది ఆ డబ్బీ. చెయ్యి జారిందంటే అది దడదడమంటూ కుక్క వెనకే వస్తుంది. కుక్క ఎంత పరిగెత్తితే డబ్బీ అంత తరుముతుంది. రోడ్డు పక్కన అలా జరిగితే ఏ పిలుపూ పనిచెయ్యదు.

నేను వాడేది రెండు మీటర్ల లోపు, చదునైన, సన్నటి నైలాన్ తాడు. దాని కొక్కెం బరువు చూసి కొన్నాను. ఇది చిన్న సంగతిలా ఉంటుంది. ఇంట్లో తూకం ఉంటే వేసి చూడండి, పెద్ద కుక్కల తాడుకుండే ఇత్తడి కొక్కెం వంద గ్రాములు తేలిగ్గా తూగుతుంది. రెండున్నర కిలోల కుక్కకి అది ఒంటి బరువులో నూటికి నాలుగు వంతులు. అరవై కిలోల మనిషి వీపున రెండు కిలోల నాలుగొందల గ్రాముల ఇనుప ముక్క ఊగుతూ ఉన్నట్టు. ప్రతి అడుగుకీ అది వెన్ను మీద టపటపా కొడుతుంటే కుక్క నడవనంటే మొండి అంటాం.

సాగే రబ్బరు ముక్క కలిపిన తాళ్ళు కుదుపు తగ్గిస్తాయంటారు, సూత్రం సరైనదే. ఆగే దూరం పది సెంటీమీటర్ల నుంచి ముప్పైకి పెరిగితే బలం మూడో వంతుకి తగ్గుతుంది. చిక్కల్లా అమ్మేవాటిలో చాలావరకు పెద్ద కుక్కని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ముప్పై కిలోల లాగుడుకి సాగేది మూడు కిలోల దానికి కదలనైనా కదలదు, వాడి లెక్కలో అది మామూలు తాడే. కొనేముందు రెండు వేళ్ళతో లాగి చూడండి, సాగకపోతే అక్కడే పెట్టెయ్యండి. దానికంటే చవకైన స్ప్రింగు మన మోచెయ్యే. తాడు మణికట్టుకి చుట్టేసుకుని చెయ్యి కిందికి వేలాడేయకుండా, మోచెయ్యి వంచి నడుం దగ్గర పట్టుకుంటే గుంజు పడ్డప్పుడు చెయ్యి ముందుకి సాగి సగం మింగేస్తుంది.

కాలర్‌ని పారేయమని నేననడం లేదు. పేరూ ఫోన్ నంబరూ ఉన్న బిళ్ళ వేలాడదీయడానికి తేలికపాటిది ఒకటి మెడలో ఉండనివ్వండి, తాడు మాత్రం దానికి తగిలించకండి. బిళ్ళ ఊడిపోవచ్చు కాబట్టి చర్మం కింద మైక్రోచిప్ కూడా వేయించడం మంచిది. బియ్యపు గింజంత ఉంటుంది, అందులో 15 అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది, అంతే. అది జీపీఎస్ అనుకునేవాళ్ళు ఉన్నారు, కాదు. స్కానర్ పెట్టి చదివితే నంబరొస్తుంది, ఆ నంబరు పక్కన మీ ఫోన్ నంబరు నమోదై ఉంటేనే ఉపయోగం. రాత్రిపూట నడిపించేవాళ్ళు వెలుగు పడితే మెరిసే పట్టీ చూసుకోవాలి. చీలమండ ఎత్తులో ఉన్న నల్ల కుక్క, వెనక్కి తీస్తున్న కారులో ఉన్నవాడికి కనబడే అవకాశమే లేదు.

కొన్నాక కూడా పని అయిపోదని ఆలస్యంగా నేర్చుకున్నాను. ప్లాస్టిక్ బకిళ్ళు ఎండకి పెళుసెక్కుతాయి, వెల్క్రోలో జుట్టు ఇరుక్కుని పట్టు పోతుంది. ఎదిగే పిల్లయితే వారం వారం పట్టీలు సరిచూడాలి. పోయిన ఆదివారం బొంగరానికి వేసవి కదా అని జుట్టు పొట్టిగా కత్తిరించాం. మర్నాడు సాయంత్రం ఎప్పట్లాగే తొడిగి, ఎప్పట్లాగే గుమ్మం దాటబోతూ, ఎందుకో పట్టీ కింద వేలు పెట్టి చూశాను. నాలుగు వేళ్ళు దూరాయి. గుమ్మంలోనే కూర్చుని రెండువైపులా సమంగా బిగిస్తుంటే, వాడు నా ఒళ్ళోనే గిర్రున తిరగడం మొదలుపెట్టాడు.